పటాలమే మండలమైన దేశము

ఒక జాతి తన స్వాతంత్ర్యమును యుద్ధరంగమున ఒక్క దినములో గోల్పోవుట చరిత్రయందు అరుదు. భూదానపత్రములలో, పదవులలో, బిరుదులలో, పింఛనులలో కొంచెము కొంచెముగా గోల్పోవుటయే తరచు. కోట కూలునపుడు ధ్వని వినబడును. హక్కు కూలునపుడు వినబడదు. ఈ సత్యమునకు ఉక్రెయిన్ దేశపు కోసాకు పటాలముల చరిత్రకంటె స్పష్టమైన నిదర్శనము దొరకుట కష్టము.

2022వ సంవత్సరము ఫిబ్రవరిలో రష్యా సేనలు ఉక్రెయిన్ పై దండెత్తిన నాటినుండి చెర్నీహివ్, నిజిన్, పోల్టావా, కీవ్ అను పేరులు మన పఠనమందిరములలో పత్రికలు చదువువారికి పరిచితములైనవి. కాని ఈ పేరులు ఒకానొక కాలమున పట్టణముల పేరులు మాత్రమే కావనియు, ఒక్కొక్కటి ఒక్కొక్క పటాలము పేరనియు, ఆ పటాలమే ఆ మండలమునకు ప్రభుత్వము, న్యాయస్థానము, ఖజానా, సైన్యము అన్నియు తానై యుండెననియు ఎరిగినవారు కొలదిమంది. మనకు పటాలమనగా దండుబాటలలో వరుస దీరిన సిపాయిల గుంపు. వారికి పటాలమనగా పొలములు, పల్లెలు, దేవాలయములు, సంతలు, కచేరీలు గల ఒక దేశఖండము. ఈ విచిత్రసంస్థ యెట్లు పుట్టెను, యెట్లు వర్ధిల్లెను, యెవరి చేతులలో నశించెను అని విచారించుట యీ వ్యాసము పని.

నీపరునదికి దిగువనున్న విశాలమైన గడ్డిమైదానములు పదునారవ శతాబ్దమున ఎవరి యధికారమునకును పూర్తిగా లోబడని సరిహద్దు భూములు. దక్షిణమున క్రిమియా తాతారులు. పడమట పోలెండు ప్రభువులు. ఈశాన్యమున మాస్కో జారు. వెట్టిచాకిరికి తాళలేక పారిపోయివచ్చిన రైతులు, వేటగాండ్రు, చేపలు పట్టువారు, ఆయుధము చేతబట్టి తమ్ము దాము కాపాడుకొనుచు నక్కడ చేరిరి. వారే కోసాకులు. పోలెండు రాజులు వీరిని పూర్తిగా అణచలేక, వీరిలో కొందరిని జాబితాలో జేర్చి జీతమిచ్చి సరిహద్దులు గాపాడించుకొన దలచిరి. 1572లో ఆ జాబితాలో నెక్కిన వారు 300 మంది. 1625లో కుదిరిన యొడంబడిక ననుసరించి జాబితాలోని సంఖ్య 6000. వారికి ఆరు పటాలములు. ప్రతి పటాలమునకును ఒక పట్టణము కేంద్రము. పటాలమునకు ఊరి పేరు పెట్టుట ఇట్లు మొదలయ్యెను.

జాబితాలో పేరున్నవాడు స్వతంత్రుడు; పేరు లేనివాడు ప్రభువుల భూమిపై దాసుడు. ఒక్క కాగితమున ఒక్క పంక్తియే మనుష్యుని బ్రతుకును నిర్ణయించుచుండెను. కావున ఆ కాలపు కలహములన్నియు ఆ జాబితా యెంత పొడవుండవలెనను ప్రశ్న చుట్టును దిరిగినవి. 1638లో పోలెండు శాసనసభ కోసాకులు తమ యధికారులను తామే యెన్నుకొను హక్కును దీసివైచి, వారిపై దాను నియమించిన దొరలను గూర్చుండబెట్టెను. పదేండ్లు దేశము నిశ్శబ్దముగ నుండెను. పోలిషు ప్రభువులు దానిని శాంతి యనుకొనిరి.

1648లో బొహ్దాన్ ఖ్మెల్నిత్స్కీ నాయకత్వమున తిరుగుబాటు చెలరేగెను. ఆ సంవత్సరమే మూడు యుద్ధములలో పోలెండు సేనలు ఓడిపోయెను. ఆ తిరుగుబాటులో యూదులపై జరిగిన ఘోరమైన హత్యాకాండ ఆ విజయమునకు అంటిన మరక. దానిని మరుగుపరచి చరిత్ర వ్రాయుట న్యాయము కాదు. భూస్వాములు పారిపోయిరి, వారితోపాటు వారి అమీనులు, వారి న్యాయస్థానములు, వారి పన్ను వసూలుదారులు మాయమైరి. అప్పుడు దేశమును పాలించుట కేమి మిగిలినది? పటాల మొక్కటియే మిగిలినది. జనము తాము యుద్ధమునకు గూడిన తీరుననే శాంతికాలమునను గూడి యుండిరి. సైన్యపు చట్రమే రాజ్యపు చట్రమయ్యెను. 1649లో జ్బోరివ్ వద్ద కుదిరిన సంధి ప్రకారము కోసాకు జాబితా 40,000, పటాలములు 16. ఆ సంవత్సరపు జాబితా నేటికిని నిలిచియున్నది. వేలకొలది సామాన్యుల పేరులతో నిండిన ఆ గ్రంథము ఒక రాజ్యము యొక్క జన్మపత్రిక వంటిది.

ఈ సంస్థ యొక్క నిర్మాణము న్యాయశాస్త్రము నెరిగినవారికి మిక్కిలి యాసక్తి గొలుపునది. రాజ్యమంతటికిని పెద్ద హెట్మన్. అతని యధికారచిహ్నము గద. ఆయన క్రింద ఒక్కొక్క పటాలమునకు ఒక్కొక్క పటాలపతి. ఆతని చేతిలోనిది ఆరుపలకల చిన్నగద. పటాలపతికి సహాయులుగా ఫిరంగులను సామగ్రిని చూచువాడు, న్యాయాధిపతి, లేఖకుడు, ఆజ్ఞలు నడపు సహాయాధికారి, పతాకధారి అను నుద్యోగులుండిరి. వీరందరు గలసి పటాలపు పెద్దల సభ. పటాలము నూరుల క్రింద విభజింపబడి యుండెను. నూరు అనినను సంఖ్య నూరే కానక్కరలేదు. కొన్ని నూరులలో అనేక శతముల కోసాకులుండిరి. నూరు అనగా ఒక చిన్నపట్టణము, దాని చుట్టునున్న పల్లెలు. దానికి శతాధిపతి. ఆతని క్రింద గ్రామ కోసాకులు తాము గోరుకొనిన గ్రామనాయకుడు. ఇట్లు పల్లెలోని యింటి గుమ్మమునుండి హెట్మన్ సభవరకు ఒకే సోపానపంక్తి.

యుద్ధభేరి మ్రోగినపుడు శతాధిపతి తన నూరును గుఱ్ఱములపై నెక్కించి పటాలపతిని చేరుకొనును. యుద్ధము ముగిసి యింటికి వచ్చిన పిమ్మట ఆ శతాధిపతియే పొలముగట్ల తగవులు తీర్చును, దొంగను విచారించును, సంతపన్ను వసూలుచేయించును, వంతెన మరమ్మతు చేయించును. నిన్న తన ప్రక్కన గత్తి దూసినవాడే నేడు తన యెదుట వాది. కోసాకులపై తీర్పు చెప్పుట పటాలము పని. మాగ్డెబర్గు చట్టము క్రింద స్వపరిపాలనము పొందిన పట్టణములలో పౌరులకు వేరుగ తమ పురాధికారులు, తమ న్యాయస్థానము కలవు. మఠములకు తమ భూములు కలవు. లిథువేనియా ధర్మశాసనము పాత పోలెండు ప్రభుత్వకాలమునుండి వచ్చినదైనను, న్యాయాధిపతులు దానినే తిరుగవేయుచుండిరి. విప్లవము ప్రభువులను వెళ్లగొట్టెనేకాని ధర్మగ్రంథమును తగులబెట్టలేదు.

ఈ వ్యవస్థలో ప్రజల సంస్కార మెట్టిదో తెలుపు సాక్ష్యము లున్నవి. 1654లో ఆ దేశముగుండ మాస్కోకు బ్రయాణముచేసిన సిరియావాసి, అలెప్పో పౌలు అను క్రైస్తవుడు, అక్కడ స్త్రీలలోగూడ అనేకులకు చదువు వచ్చునని యాశ్చర్యముతో వ్రాసికొనెను. తరువాత 1740–48 సంవత్సరముల నడుమ ఏడు పటాలములలో తయారుచేసిన జనగణన పుస్తకములలో 1094 గ్రామములకు 866 పాఠశాలలు లెక్కకు వచ్చినవి. పాఠశాల దేవాలయపు ప్రక్కన నుండెడిది. ఉపాధ్యాయుని గ్రామమే పోషించెడిది. ఏ చక్రవర్తియు నాజ్ఞాపించి పెట్టించిన బడులు కావవి. పఠనమందిరమునకు చందా యిచ్చి పత్రిక తెప్పించుకొను మన పాఠకులు ఈ యంకెల విలువను సులభముగ గ్రహింపగలరు.

అయినను ఈ సంస్థలో పుట్టుకతోనే ఒక దోషము కలదు. కత్తి, తీర్పు, ఖజానా మూడును ఒక్కని చేతిలో నుండుటయే ఆ దోషము. పోల్టావా పటాలము చరిత్రను జూడుడు. 1648లో ఏర్పడిన ఆ పటాలమునకు మార్తిన్ పుష్కార్ అధిపతి. ఖ్మెల్నిత్స్కీ 1657లో మరణింపగా ఇవాన్ విహోవ్స్కీ హెట్మన్ అయ్యెను. పుష్కార్ ఆతని నంగీకరింపక తన పటాలమునంతటిని తిరుగుబాటునకు లేపెను. హెట్మన్ తాతారుల సాయముతో వచ్చిపడెను. 1658 వేసవిలో పోల్టావా దగ్గర సోదరులు సోదరులను జంపుకొనిరి; పుష్కార్ హతుడయ్యెను. తన సైన్యము, తన ధనము, తన న్యాయస్థానము గల పటాలపతి రాజ్యములో రాజ్యము వంటివాడు. మంచివాడైనచో ప్రజలకు కోట. చెడ్డవాడైనచో, లేక మంచివాడైయును మొండివాడైనచో, దేశమునకు చీలిక. ఆ చీలికలోనుండియే పొరుగురాజులు లోనికి బ్రవేశించిరి.

1654లో పెరెయాస్లావ్ వద్ద ఖ్మెల్నిత్స్కీ మాస్కో జారు రక్షణము నంగీకరించెను. అప్పటి షరతులలో కోసాకు జాబితా 60,000. తమ న్యాయస్థానములు, తమ యెన్నికలు, తమ యాస్తులు తమకే యుండునని మాట. 1667లో అంద్రూసొవో సంధి జరిగెను. మాస్కోయు పోలెండును నీపరునదిని గీతగా గీచి ఉక్రెయిన్ ను పంచుకొనెను. పడమటి యొడ్డున యుద్ధములు, వలసలు దేశమును బీడు చేసెను; అక్కడి పటాలములను 1699లో పోలెండు శాసనసభ రద్దుచేసెను. తూర్పు యొడ్డున నిలిచినవి పది: కీవ్, చెర్నీహివ్, స్తారొదూబ్, నిజిన్, ప్రిలూకి, పెరెయాస్లావ్, లూబ్ని, హద్యాచ్, మిర్హొరొద్, పోల్టావా. ఈ పదియే రమారమి నూరేండ్లకుపైగా హెట్మన్ రాజ్యమనబడెను.

మాస్కో యొక్క బలము వాస్తవమే. కాని బలము తలుపు తట్టునపుడు లోపలినుండి గడియ తీసిన దెవరు? న్యాయవాదులమైన మేము ఇక్కడ ఒక చిన్న యాస్తివిషయమును పాఠకుల దృష్టికి దెచ్చుచున్నాము. పటాలపు ఉద్యోగులకు జీతములు లేవు. జీతమునకు మారుగా పదవినిబట్టి కొన్ని పల్లెల యాదాయ మనుభవించు హక్కు గలదు. పదవి యున్నంతకాలమే భూమి; పదవి పోయిన భూమియు తరువాతివానికి జెందవలెను. ఇది పదవికిచ్చిన భూమి, మనిషికిచ్చిన భూమి కాదు. ధర్మము స్పష్టము. కాని ఒకతరము గడచునప్పటికి పటాలపతి ఆ పల్లెకు హెట్మన్ వద్ద పత్రము సంపాదించెను. మఱికొంతకాలమునకు జారు వద్ద స్థిరపరచు శాసనము సంపాదించెను. అనుభవహక్కు ఆస్తిహక్కైపోయెను. పల్లెవాడు మొదట పటాలమునకు బన్నిచ్చెను. పిదప పటాలపతికి చాకిరిచేసెను. తుదకు పటాలపతి కొడుకునకు ఆస్తి యయ్యెను.

భూమి వంశపారంపర్యమైన వెంటనే పదవియు వంశపారంపర్యము గావలెనని కోరిక పుట్టుట సహజము. మిర్హొరొద్ పటాలమునకు పావ్లో అపొస్తొల్ పటాలపతి. పిమ్మట ఆతని కుమారుడు దనీలో 1683 మొదలు నలువదియేండ్లకుపైగా పటాలపతి. దనీలో 1727లో హెట్మన్ పదవి కెక్కగా ఆతని కుమారుడు, మరియొక పావ్లో, పటాలపతి. దనీలో సమర్థుడు, ధీరుడు. ఆ విషయమున సందేహము లేదు. అయినను ఎన్నిక యను పేరు మాత్రము మిగిలి, ఎన్నుకొను అలవాటు నశించుచుండుట కీ వంశవృక్షమే చాలును. సామాన్య కోసాకు సంగతి వేరు. తన గుఱ్ఱము, తన తుపాకి, తన రొట్టె తానే తెచ్చుకొని యేండ్లతరబడి యుద్ధములలోను, పీటరు చక్రవర్తి కాలమున దూరదేశములలో కాలువలు త్రవ్వుటలోను మ్రగ్గి, వేలమంది అక్కడనే ప్రాణములు విడువగా, ఇంటి పొలము అప్పులక్రింద పెద్దలకే చేరెను. 1735లో కోసాకులనే రెండు తరగతులు చేసిరి: స్వంత ఖర్చుపై యుద్ధమునకు బోగలవారొకరు, బీదతనముచేత వారికి సామగ్రి సమకూర్చు సహాయకులొకరు. ఒక కాలమున ఒక్క వరుసలో నిలిచినవారు శాసనము చేతనే రెండు వరుసలైరి.

ఇట్టి స్థితిలో పైనుండి చేయి చాచుట సులభము. 1708లో హెట్మన్ మజేపా స్వీడను రాజు పక్షము జేరగా, రష్యాసేనలు ఆతని రాజధానియగు బతూరిన్ ను నేలమట్టము చేసి ప్రజలను వధించెను. మరుసటియేట పోల్టావా యుద్ధమున పీటరు గెలిచెను. ఆ మీదట పటాలపతులను మాస్కోయే నియమించుట వాడుకయయ్యెను. 1719లో నిజిన్ పటాలమునకు ప్యోతర్ తల్స్తోయ్ అను రష్యా దొర పటాలపతియై వచ్చెను. 1722లో హెట్మన్ ప్రక్కన ఆరుగురు రష్యా సైనికాధికారుల మండలిని గూర్చుండబెట్టిరి. అంతకుముందు చెర్నీహివ్ పటాలపతిగానుండి, అప్పుడు హెట్మన్ స్థానమున కార్యభారము వహించిన పావ్లో పొలుబోతక్ ఒడంబడికలను జూపి న్యాయమడిగెను. 1723లో ఆతనిని పీటర్సుబర్గున నిర్బంధించిరి. 1724లో కోటకారాగారమున ఆతడు మరణించెను. హక్కుపత్రము పట్టుకొని యడుగ వచ్చినవానికి సంకెల యుత్తరమయ్యెను.

మరియొక సంగతి. 1728లో దేశపు ధర్మశాస్త్రములనన్నిటిని క్రోడీకరించుటకు ఒక సంఘమేర్పడెను. పదునైదేండ్లు శ్రమించి 1743లో ఆ స్మృతిని ముగించిరి. చక్రవర్తుల ప్రభుత్వము దాని నంగీకరించినదా? లేదు. తిరస్కరించినదా? అదియు స్పష్టముగ చేయలేదు. దానిని ఆమోదింపకయే మూలబెట్టెను. నిరాకరణమునకు బదులు చెప్పవచ్చును. మౌనమునకు బదులు చెప్పుట కష్టము.

తుదిఘట్టము త్వరగా నడచెను. 1763లో హెట్మన్ కిరీలో రొజుమోవ్స్కీ న్యాయస్థానములను పటాలమునుండి కొంత వేరుచేసి సంస్కరించెను. అది మంచి పని. కాని అదే సమయమున హెట్మన్ పదవిని తన వంశమునకు శాశ్వతము చేయించుకొన యత్నించెను. కాతరీను రాణి యీ సాకుతో 1764లో ఆతనిచేత పదవి విడిపించి, పింఛనును భూములును ఇచ్చి ఊరడించి, రుమ్యాంత్సెవ్ అధిపతిగా క్రొత్త మండలిని నియమించెను. 1767లో చట్టనిర్మాణసభకు బంపిన వినతులలో హెట్మన్ పదవిని తిరిగి నెలకొల్పుమని ఉక్రెయిన్ వారడిగిరి. నిజిన్ లో అట్లు పట్టుబట్టినవారిని విచారణకు దెచ్చి మరణశిక్ష విధించి, పిమ్మట తగ్గించిరి. 1775లో నీపరు దిగువనున్న జపొరోజియా కోసాకుల కోటను రష్యాసేనలు ధ్వంసము చేసెను. ఆ యేటనే పోల్టావా పటాలము రద్దయి, ఆ భూములు నూతనరష్యా యను రాష్ట్రమున గలసెను. 1781–82లో మిగిలిన పటాలమండలములను రద్దుచేసి కీవ్, చెర్నీహివ్, నొవ్హొరొద్ సీవెర్స్కీ అను మూడు రాజప్రతినిధి మండలములుగ విభజించిరి. 1783లో ఆ పది పటాలముల స్థానమున సామాన్యమైన రష్యా అశ్వికదళములు లేచెను. పేరు పటాలమే, దేశము మాత్రము దానిలో లేదు.

ఆ 1783వ సంవత్సరముననే, మే 3వ తేదీని, రైతు తానున్న భూమిని విడిచి కదలరాదని శాసనము పుట్టెను. 1785లో ప్రభువర్గమునకు హక్కులిచ్చు శాసనము వచ్చెను. పటాలపు పెద్దలకు రష్యా ప్రభువులతో సమానులగుటకు త్రోవ తెరువబడెను. ఈ రెండు తేదీలను ప్రక్కప్రక్కన వ్రాసికొని చదువుడు. ముందు రైతునకు సంకెల, రెండేండ్లకు పెద్దలకు బిరుదు. తాతలు ఏ బానిసత్వమునకు వ్యతిరేకముగ 1648లో కత్తి దూసిరో, మనుమలు ఆ బానిసత్వమునకే యజమానులైరి. సామాన్య కోసాకులు పోల్టావా, చెర్నీహివ్ ప్రాంతములలో స్వతంత్రులగు వ్యవసాయదారులుగ నిలిచిరన్నది నిజమే. కాని తమ్ము దాము పాలించుకొను పటాలము వారికి లేకపోయెను. రైతులు తిరిగి విడుదల పొందుటకు 1861వరకు వేచియుండవలసివచ్చెను.

పటాలము పాతకాలపు సంస్థ, కాలము మారగా నశించుట న్యాయమే కదా యని కొందరందురు. వారి మాటలో కొంత సత్యమున్నది. సైన్యము, న్యాయము, ఖజానా ఒక్కచోట నుండరాదని మేమును చెప్పితిమి. సంస్కారము అవసరమే. కాని ప్రశ్న సంస్కారమును గూర్చినది కాదు. సంస్కరించు హక్కు ఎవరిదను దానిని గూర్చినది. ఇంటివాడు తన పాత గోడను తాను పడగొట్టి క్రొత్తగోడ కట్టుకొనుట ఒకటి. పొరుగువాడు గోడ పాతదని చెప్పి ఇంటినే యాక్రమించుట మరియొకటి. 1763 నాటి న్యాయసంస్కారము ఆ దేశస్థులకు మార్పు చేసికొనగల తెలివి యున్నదని రుజువుచేయుచున్నది. లోపించినది తెలివి కాదు. పెద్దలకును సామాన్యులకును నడుమ నుండవలసిన నమ్మకము. పొలుబోతక్ న్యాయమడిగినపుడు ఆతని వెనుక దేశమంతయు లేవలేదు. ఏల లేవవలెను? పెద్దలు తమ పత్రములను రక్షించుకొనుచున్నారా, దేశపు హక్కును రక్షించుచున్నారా యన్న విషయము పల్లెవానికి తెలియలేదు. ఆ సందేహమే చక్రవర్తికి అన్ని సేనలకన్న బలమైన సేన.

ఉక్రెయిన్ 1991లో స్వతంత్రరాజ్యముగ వెలసెను. పటాలములు తిరిగి రాలేదు, రానక్కరలేదు. కాని 2022లో చెర్నీహివ్ ముట్టడింపబడినపుడు ఆ నగరవాసులు తమ నగరమును విడువక కాపాడుకొనిన తీరు లోకము చూచెను. సంస్థలు నశించినను, తమ యూరిని తామే కాపాడుకొనవలెనను బుద్ధి నశింపదని యది చాటుచున్నది.

ప్రజలచే నేర్పడిన ప్రతి సంస్థకును ఈ చరిత్ర ఒక ప్రశ్న వేయుచున్నది: పదవికిచ్చిన భూమి పదవికే మిగిలినదా, మనిషి జేబులో జేరినదా? ఈ ప్రశ్నను ప్రతి తరమును తన పెద్దల నడుగవలెను. అడుగుట మానిన తరము తన పిల్లల హక్కును తాకట్టు పెట్టినదే యగును. పది పటాలములును ఫిరంగులకు లొంగినవి కావు; ఆ ప్రశ్న యడుగువారు లేక లోలోన శిథిలమై, పిదప ఒక్క కలముపోటుతో కూలినవి.